రాత్రి భోజనాలకి చందాలు అడగడం చేతకావట్లేదు, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

ఒకపూట:
అందరికీ నమస్కారం. మేం ఏడుగురం స్నేహితులం. గోదావరి వైపు ఒక ఊళ్ళో పెద్దాసుపత్రి గేటు బయట రోజూ రాత్రి ఏడున్నరకి, రోగుల వెంట వచ్చినవాళ్ళకి భోజనం పెడుతున్నాం. పేషెంటుకి లోపల ఇస్తారు. మంచం పక్కన కూర్చున్న మనిషి సంగతే ఎవరికీ పట్టదు. బన్ను, టీతో పడుకునేవాళ్ళని చూసి మొదలుపెట్టాం. అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ. రోజుకి 120 ప్లేట్లు, ప్లేటు 35 రూపాయలు, అంటే రాత్రికి 4,200.

మొదటి నెల 1,10,000 వచ్చింది. రెండో నెల 62,000. ఈ నెల పదిహేనో తారీఖుకి 19,000. మిగతాది మా జేబుల్లోంచే పోతోంది. డబ్బు చూసేది నేను. మనిషి ఎదురుగా నిలబడి అడగాలంటే నోరు రాదు. అందుకని వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు పెట్టి "మీకు తోచినంత సాయం చేయండి" అని రాస్తున్నాను. దణ్ణం బొమ్మలు బాగానే వస్తున్నాయి, డబ్బులే రావట్లేదు.

మాలో ఒకరు మ్యూజికల్ నైట్ పెడదామంటున్నారు, ఇంకొకరు లక్కీ డ్రా అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

గరిటె:
అమ్మా, చందాల సంగతి తర్వాత. ముందు ఆ 35 ఎక్కడిది? నేను పద్దెనిమిదేళ్ళుగా క్యాటరింగ్ చేస్తున్నాను. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, వంటమనిషి కూలి కలిపితే 35 అవుతుంది, సరే. గ్యాస్ వేశావా? విస్తళ్ళు? గిన్నెలు తీసుకెళ్ళే ఆటో? గిన్నెలు తోమే మనిషి?

ఒకపూట:
గ్యాస్ వేశానండి. ఆటో మా వాడిదే. విస్తళ్ళు ఒక షాపాయన రెండు నెలలు ఊరికే ఇచ్చారు, ఇప్పుడు కొంటున్నాం. తోమేది మేమే.

గరిటె:
మీవాడి ఆటో అయినా డీజిల్ తాగదా? రేపు వాడికి జ్వరమొస్తే ఇంకో ఆటో పిలవాలి కదా. 40 వేసుకో. రాత్రికి 4,800, నెలకి 1,44,000. ఇది తెలిస్తేనే ఎంత అడగాలో తెలుస్తుంది. తక్కువ చెప్పుకుని అడిగితే, ఇచ్చినాయన అంతా ఇచ్చేశాననుకుంటాడు, మిగతా లోటు మీ నెత్తిన పడుతుంది.

రసీదుబుక్కు:
నా వయసు 64. గుడి కమిటీలో, శ్మశానం ప్రహరీకి, హైస్కూల్లో బోరుకి, అన్నిటికీ చందాపుస్తకం పట్టుకుని తిరిగినవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను.

బోణీ కాకముందు ఏ షాపు గడపా తొక్కొద్దు. పదకొండు తర్వాత వెళ్ళండి. శుక్రవారం, మంగళవారం చాలామంది డబ్బు బయటికి ఇవ్వరు, ఆ రోజుల్లో వెళ్తే ఇచ్చేవాడి చేత కూడా లేదనిపించినవాళ్ళవుతారు. ఉద్యోగస్తుల దగ్గరికి నెల మొదటివారం, రైతుల దగ్గరికి ధాన్యం డబ్బులు పడ్డాక.

ఇద్దరు వెళ్ళాలి. ఒకరు ఆ షాపాయనకి తెలిసినవాళ్ళయి ఉండాలి, మాట వాళ్ళే మొదలుపెట్టాలి. నలుగురైదుగురు వెళ్తే దండయాత్రలా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం పుస్తకంలో మొదటి పేజీ మొదటి గీత. అక్కడ 116 పడితే ఊరంతా 116 రాస్తుంది. 5,116 పడితే తర్వాతవాడు 116 రాయడానికి సిగ్గుపడి కనీసం 1,116 రాస్తాడు. అందుకని మొదటి ఇల్లు ఎవరిదో ముందురోజు రాత్రే తేల్చుకుని, ఆయనతో మాట్లాడి ఉంచుకునేవాళ్ళం. దీన్ని మోసం అనుకోకండి, మొదట ఇచ్చినాయన నిజంగానే అంత ఇవ్వాలి. మా ఊళ్ళో ఒకాయన 10,116 రాసి, ఊరంతా ఆయన్ని చూసి రాశాక, తను మాత్రం ఇవ్వలేదు. తర్వాత ఆరేళ్ళపాటు మా పుస్తకం ఎవరూ ముట్టుకోలేదు.

రసీదు అక్కడే, ఆయన కళ్ళముందే చింపి ఇవ్వండి. "తర్వాత పంపిస్తాం" అనొద్దు.

మైకుసెట్టు:
మ్యూజికల్ నైట్ జోలికి పోవద్దు. మేం చేశాం. మా ఊరి అనాథ పిల్లల హాస్టల్ కోసం కల్యాణమండపం తీసుకుని, ఆర్కెస్ట్రా పిలిచి, టికెట్లు అమ్మి, షాపుల స్పాన్సర్‌షిప్‌లు తెచ్చాం. మొత్తం 2,40,000 వచ్చింది. ఎగిరి గంతేశాం.

ఖర్చు 1,97,000. మండపం, సౌండ్, లైట్లు, జనరేటర్, ఆర్కెస్ట్రా, వాళ్ళ రూములు, ఫ్లెక్సీలు. తర్వాత వేదిక మీదికి పిలిచిన ప్రతివాడికీ ఒక శాలువా, ఒక మెమెంటో. పిలవనివాడు అలిగితే వాడికీ ఒక శాలువా. ముప్ఫై ఒక్క శాలువాలు కప్పాం! హాస్టల్‌కి చేరింది 43,000. ఆ ముప్ఫై ఒక్కమందిలో మళ్ళీ హాస్టల్ వైపు వచ్చినవాళ్ళు ఇద్దరు.

మీ లెక్కన చూస్తే ఆ 43,000కి తొమ్మిది రాత్రులు కూడా నిండవు. దానికి మేం రెండు నెలలు తిరిగాం.

శ్రీకాకుళం చిన్నోడు:
లక్కీ డ్రా బెస్ట్ కదా? వంద రూపాయల టికెట్, ఫస్ట్ ప్రైజ్ ఫ్రిజ్. మా ఫ్రెండ్స్ చేశారు, బాగా వచ్చింది.

లెక్కలపద్దు:
వద్దు. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నడపడం నేరం. పాత ఐపీసీలో 294ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 297. "సేవ కోసం చేశాం సార్" అంటే స్టేషన్లో నడవదు. మీ ఫ్రెండ్స్ మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు, అంతే తేడా.

లడ్డూ:
వేలంపాట పెట్టొచ్చు కదా? బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలతో మొదలైంది, 2024లో 30 లక్షల వెయ్యికి పాడారు. ఆ డబ్బు ఊరి పనులకే పెడతారు.

రసీదుబుక్కు:
వేలం బాగుంటుంది గానీ లడ్డూ ఉంటే చాలదు. పాడే ఇద్దరి మధ్య పంతం ఉండాలి, చూసే ఊరు ఉండాలి. ఆసుపత్రి గేటు దగ్గర పంతం ఎక్కడినుంచి వస్తుంది? మీ వీధి వినాయకుడి కమిటీలో తెలిసినవాళ్ళుంటే, వాళ్ళ లడ్డూ డబ్బులో కొంత మీకిమ్మని ముందే మాట తీసుకోండి. పాట మొదలయ్యే ముందే మైకులో ఆ సంగతి చెప్పించండి. పాట అయ్యాక అడిగితే ఇవ్వరు.

హలోహలో:
నేను ఐదేళ్ళు ఒక పెద్ద స్వచ్ఛంద సంస్థకి ఫోన్ చేసి విరాళాలు అడిగే ఉద్యోగం చేశాను. రోజుకి డెబ్బై, ఎనభై కాల్స్. "ఒకపూట" గారూ, మీ మెసేజ్‌లో తప్పు ఎక్కడుందో చెప్పనా? "మీకు తోచినంత" దగ్గర.

ఆ మాట వినగానే అవతలివాళ్ళు లెక్కలు వేసుకోవాలి. వంద ఇస్తే బాగోదు, వెయ్యి ఇవ్వలేను, తర్వాత చూద్దాం అనుకుని దణ్ణం బొమ్మ పెట్టేస్తారు. వాళ్ళకి ఆ కష్టం లేకుండా మీరే అడగండి. అదీ డబ్బు అడగొద్దు, తారీఖు అడగండి.

మనవాళ్ళకి ఇది కొత్త కాదు. పుట్టినరోజుకి, పెళ్ళిరోజుకి, తద్దినానికి అన్నదానం చెయ్యాలని ప్రతి ఇంట్లో ఉంటుంది. గుళ్ళో కట్టేది దానికోసమే కదా. మీ దగ్గర 365 రాత్రులున్నాయి. ఒక్కో రాత్రి 4,800. మీకు తెలిసినవాళ్ళ తారీఖులు డైరీలో రాసుకోండి. మూడు వారాల ముందు ఫోన్ చెయ్యండి, మెసేజ్ కాదు. నేనైతే ఇలా మాట్లాడతాను:

"అన్నయ్యా, వచ్చే నెల 14న పాప పుట్టినరోజు కదా. ఆ రోజు రాత్రి పెద్దాసుపత్రి దగ్గర 120 మందికి పాప పేరుమీద భోజనం పెడదామా? 4,800 అవుతుంది."

ఇక్కడ ఆగాలి. నోరు మూసుకోవాలి. కొత్తవాళ్ళందరూ ఇక్కడే పాడుచేస్తారు. అవతల రెండు సెకన్లు నిశ్శబ్దం రాగానే కంగారుపడి "లేకపోతే మీకు వీలైనంత, పర్లేదన్నయ్యా, సగం అయినా..." అని వీళ్ళే బేరం ఆడేస్తారు. ఆయన ఆలోచిస్తున్నాడు, ఆలోచించనివ్వండి. మొదటి వారం నేను నాలుకని పళ్ళతో పట్టుకుని కూర్చునేదాన్ని.

కాదంటే నొచ్చుకోవద్దు. "సరే అన్నయ్యా, నెలకి పది ప్లేట్లు, 400 రూపాయలు అయితే వీలవుతుందా?" అని ఒక్కసారి అడగండి. అదీ కాదంటే థాంక్స్ చెప్పి పెట్టెయ్యండి. మళ్ళీ ఆరు నెలలు ఆయన్ని కదపొద్దు.

ఒకపూట:
చదువుతుంటేనే చేతులు చెమటలు పడుతున్నాయండి.

హలోహలో:
మొదటి పది కాల్స్ ఇచ్చేవాళ్ళకే చెయ్యండి. అక్కకి, పిన్నికి, పాత కొలీగ్‌కి. కాదనే అవకాశం ఉన్నవాళ్ళని నోరు అలవాటయ్యాక చూద్దురుగాని.

విశాఖ కెరటం:
ఫొటోలు మాత్రం మానకండి. ముసలావిడ అన్నం తింటున్న ఫొటో దగ్గరగా తీసి పెట్టండి. కళ్ళల్లో నీళ్ళుంటే ఇంకా మంచిది. అలాంటివాటికే డబ్బులు రాలతాయి, మొహమాటం అనవసరం.

పడుగుపేక:
నాకు అభ్యంతరం ఉంది. 2019లో మా నాన్నకి పక్షవాతం వస్తే పద్దెనిమిది రోజులు పెద్దాసుపత్రి వరండాలో ఉన్నాను. మగ్గం పని, చేతిలో డబ్బు మూడోరోజుకే అయిపోయింది. గేటు దగ్గర ఎవరో పులిహోర పంచుతున్నారంటే లైన్లో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఒకబ్బాయి ఫోన్ ఎత్తి "అన్నా, ఇటు చూడు, ప్లేటు కొంచెం పైకి పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. వెనక నలభైమంది ఉన్నారు, ఆకలి వేస్తోంది, ఇంకేం చేస్తాను?

ఆ ఫొటో మా బావమరిది ఫోన్లోకి కూడా వచ్చింది. ఇప్పటికీ ఎవరూ నాతో ఏమీ అనలేదు. నాకు తెలుసు, వాళ్ళు చూశారని.

విశాఖ కెరటం:
అలా ఆలోచించలేదండి. క్షమించండి.

గరిటె:
ఖాళీ గుండిగల ఫొటో పెట్టండి చాలు. అడుగంటా గీకిన గుండిగ చూస్తే వంట చేసేవాడికి అంతకంటే ఏం కావాలి? పక్కన చిన్న పలక, ఆ రోజు ఎవరి పేరుమీద పెట్టారో. ఇచ్చినాయన స్టేటస్‌లో పెట్టుకుంటాడు, అది చూసి ఇంకొకడు అడుగుతాడు.

అనుమానం:
ఇచ్చేవాడి వైపునుంచి ఒక మాట. నాకు వారానికి ఇలాంటి మెసేజ్‌లు నాలుగు వస్తాయి. మీరు తినెయ్యరని నాకేంటి గ్యారంటీ? ఎవరిదో పేరుతో ఫోన్‌పే క్యూఆర్ పెడతారు, స్కాన్ చేస్తే ఇంకెవరిదో పేరు వస్తుంది. అక్కడే ఆపేస్తాను.

ఒకపూట:
నిజమే. ఇప్పుడున్నది నా సొంత ఖాతా క్యూఆరే. లెక్కంతా నోటుబుక్కులో రాస్తున్నాను, ఎవరడిగినా చూపిస్తాను.

లెక్కలపద్దు:
అడిగితే చూపించడం కాదు, అడగకుండానే చూపించాలి. వారానికొకసారి ఒక్క పేజీ: వచ్చింది, ఖర్చయింది, మిగిలింది, ఎన్ని ప్లేట్లు. గ్రూపులో పెట్టండి, ఆసుపత్రి ఎదురుగా టిఫిన్ సెంటర్ గోడకి అంటించండి. సరుకు కొనేవాళ్ళు, డబ్బు చూసేవాళ్ళు వేరువేరుగా ఉండాలి. మీ మీద అనుమానం ఉండి కాదు, రేపు ఎవరైనా మాట అంటే మీకు కాపుదల.

సొంత ఖాతా వెంటనే ఆపండి. ఏడాదికి పదిహేడు లక్షల పైన మీ సేవింగ్స్ ఖాతాలో తిరిగితే, అది మీ ఆదాయం కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. సబ్ రిజిస్ట్రార్ దగ్గర ట్రస్ట్ డీడ్ రిజిస్టర్ చేయించి, ట్రస్ట్ పేరున పాన్ తీసుకుని, ఇద్దరి సంతకాలతో ఖాతా తెరవండి. తర్వాత ఆదాయపు పన్ను పోర్టల్లో 12ఏబీ (ట్రస్ట్ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకి పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లకి దరఖాస్తు చేసుకోండి (ఈ నంబర్లు 1961 చట్టంలోవి).

80జీ గురించి జనంలో అపోహలెక్కువ కాబట్టి కొంచెం చెబుతాను. 2,000 దాటి నగదుగా ఇస్తే దాతకి మినహాయింపు రాదు. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు ఇస్తే రాదు, డబ్బే అయి ఉండాలి. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి అసలు రాదు. పాత విధానంలో ఉన్నా, మీలాంటి ట్రస్టులకి ఇచ్చినదాంట్లో సగానికే, దానికీ ఒక పరిమితి ఉంది. "మొత్తం ట్యాక్స్ తిరిగొచ్చేస్తుంది" అని ఎవరికీ చెప్పకండి. ట్రస్ట్ కూడా దాతల వివరాలతో 10బీడీ ఫారం ఏటా మే 31 లోపు దాఖలు చెయ్యాలి, అప్పుడే దాతకి 10బీఈ సర్టిఫికెట్ వస్తుంది. అందుకని రసీదులో పేరుతోపాటు పాన్, చిరునామా మొదటిరోజే రాయించుకోండి. ఏప్రిల్‌లో మూడొందల మందికి ఫోన్ చేసి పాన్ అడగడం నరకం. నేను చేశాను కాబట్టి చెబుతున్నాను.

డల్లాస్ బాబాయ్:
నేను అమెరికానుంచి నెలకి రెండు రాత్రులు వేసుకుంటాను. ఖాతా వివరాలు పంపండి. మా కంపెనీలో మ్యాచింగ్ కూడా ఉంది, నేను వంద డాలర్లిస్తే వాళ్ళూ వంద ఇస్తారు.

లెక్కలపద్దు:
బాబాయ్ గారూ, మీది ఇండియన్ పాస్‌పోర్టా, అమెరికాదా?

డల్లాస్ బాబాయ్:
2016లో సిటిజన్‌షిప్ తీసుకున్నాను. ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే కార్డు) ఉంది.

లెక్కలపద్దు:
అయితే వీళ్ళు తీసుకోకూడదు. ఓసీఐ ఉన్నా మీరు విదేశీ పౌరులే, మీ డబ్బు విదేశీ విరాళం కిందికే వస్తుంది. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి కావాలి, కనీసం మూడేళ్ళు పనిచేసిన సంస్థకే రిజిస్ట్రేషన్ ఇస్తారు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే రావాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. "మా తమ్ముడి ఖాతాకి వేస్తాను, వాడు ఇస్తాడు" అనే దారి మాత్రం వద్దు, ఇరుక్కునేది వీళ్ళు. కంపెనీ మ్యాచింగ్ సాధారణంగా అక్కడి 501(సీ)(3) సంస్థలకి, అంటే పన్ను మినహాయింపు ఉన్న అమెరికా సేవాసంస్థలకి, ఇచ్చినప్పుడే వస్తుంది కాబట్టి అదీ నేరుగా కుదరదు.

డల్లాస్ బాబాయ్:
ఇంత ఉందా! సరే, డబ్బు ఇవ్వలేకపోతే ఫోన్లు చేస్తాను. మా పదో తరగతి బ్యాచ్‌లో నలభైమంది ఇండియాలోనే ఉన్నారు. పుట్టినరోజులన్నీ నా దగ్గర ఉన్నాయి.

హలోహలో:
బాబాయ్, మీ డబ్బుకన్నా అదే ఎక్కువ!

పాతపేపర్:
తారీఖులు బాగానే ఉంది, దాంతోపాటు ఒక మొత్తం, ఒక గడువు కూడా పైకి చెప్పండి. 1921 మార్చి 31, ఏప్రిల్ 1న బెజవాడ కాంగ్రెస్ సమావేశంలో తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, జూన్ 30 లోపు అన్నారు. ఆ రోజుల్లో కోటి! అంకె, తారీఖు రెండూ ఉండబట్టే ఊరూరా జోలెలు కదిలాయి. 1977 దివిసీమ ఉప్పెనప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి తిరిగారని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత పెద్ద నటులు అడగ్గా లేనిది మనకెందుకమ్మా సిగ్గు?

రసీదుబుక్కు:
ఇంకొకటి. శాశ్వత అన్నదానం పెట్టండి. ఒకసారి కట్టించుకుని బ్యాంకులో వేస్తే, ఏటా వడ్డీతో వాళ్ళ తారీఖున భోజనం. మా గుళ్ళో అదే పద్ధతి.

గరిటె:
నేను ఒప్పుకోను గురువుగారూ. ఏడు శాతం వడ్డీ అనుకుంటే 4,800కి సుమారు 68,600 కట్టించుకోవాలి. ఐదేళ్ళకి ప్లేటు 55 అయితే? అప్పుడు ఆ పేరుమీద 87 మందికే పెట్టగలరు. మీ గుళ్ళో "శాశ్వతం" 1,116 కట్టినవాళ్ళ పేర్లు ఇంకా గోడమీద ఉంటాయి, ఆ వడ్డీకి ఇప్పుడు రెండు ప్లేట్లు వస్తాయేమో.

రసీదుబుక్కు:
అది నిజమే. ఆ గోడ చూసినప్పుడల్లా నాకూ అనిపిస్తుంది. సరే, వద్దులే.

ఒకపూట (మూడు నెలల తర్వాత):
అందరికీ మళ్ళీ నమస్కారం. ట్రస్ట్ రిజిస్టర్ అయింది, ఖాతా తెరిచాం, 80జీకి దరఖాస్తు పెట్టాం.

పోయిన నెల లెక్క: 19 రాత్రులు తారీఖులమీద బుక్ అయ్యాయి, 91,200. నెలకి పది ప్లేట్లవాళ్ళు 46 మంది, 18,400. షాపుల చందా 21,000. మొత్తం 1,30,600. తగ్గిన 13,400 మేం ఏడుగురం వేసుకున్నాం. లక్కీ డ్రా అన్నవాడే ఇప్పుడు సరుకు కొంటున్నాడు.

నా మొదటి కాల్ పిన్నికి. "పెడదామా?" అని ఆగాను. నాలుగు సెకన్లు ఏమీ మాట్లాడలేదు. నేను సగానికి దిగిపోబోతుంటే "మీ బాబాయి తద్దినానికి కూడా ఒకటి రాసుకో" అంది. రెండు తారీఖులు! అరవైమూడు కాల్స్‌లో ఇద్దరు మాత్రం ఫోన్లోనే విసుక్కున్నారు.

పొరపాట్లూ జరిగాయి. ఒకే తారీఖు ఇద్దరికి ఇచ్చేశాను, ఒకాయనకి కోపమొచ్చింది. ఇప్పుడు డైరీ ఇద్దరం చూస్తున్నాం. ఒకరోజు పలకమీద పేరు తప్పు రాశాం, వాళ్ళ నాన్నగారి పేరు. వెళ్ళి క్షమాపణ అడిగి, మర్నాడు మళ్ళీ రాసి ఫొటో పంపాం. తినేవాళ్ళ ఫొటోలు పూర్తిగా మానేశాం.

మహాలయ పక్షాలు పదిహేను రోజులూ నిండిపోయాయి. ఆషాఢం, మార్గశిరం మాత్రం ఖాళీగా ఏడుస్తున్నాయి.

అనుమానం:
టిఫిన్ సెంటర్ గోడమీద మీ లెక్క కాగితం చూశాను. పనిమీద ఆ ఊరొచ్చాను, కావాలని వెళ్ళలేదు. నవంబరులో రెండో ఆదివారం ఖాళీయా? మా అమ్మ పోయిన రోజు. 4,800 వేస్తాను.

ఒకపూట:
ఖాళీయే అండి, రాసుకున్నాను. కానీ ఆదివారాలు ఓపీ ఉండదు, మనుషులు తక్కువ. 90 ప్లేట్లు చాలు. 3,600 వెయ్యండి, పాన్ నంబరు పంపండి. పలకమీద అమ్మగారి పేరు ఎలా రాయాలో కూడా స్పెల్లింగ్‌తో సహా పంపండి.